అక్క గొంతు అద్దెకున్న ఇల్లు

మా అక్కది చిన్నప్పటి నుంచీ పెద్ద నోరు. వీధి మలుపులో నిలబడి పిలిచిందంటే ఇంట్లో చేతిలో ఉన్న గిన్నె అక్కడే పడేసి పరుగెత్తేదాన్ని. అలాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. కోసి తీసెయ్యాలి, ఆ తర్వాత మాట రాదు అన్నారు డాక్టర్లు.

మా బావ రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. కంప్యూటర్ పని కూడా ఒంటబట్టించుకున్నాడు. ఆపరేషన్‌కి ముందు అక్కని బీరువాల గదిలో కూర్చోబెట్టి, గోడలకి దుప్పట్లు వేలాడదీసి, రోజూ మాట్లాడించి రికార్డు చేశాడు. “ఏం మాట్లాడనూ?” అని అక్క అడిగితే, “నన్ను తిట్టు, అదైతే నీకు ఆగకుండా వస్తుంది” అన్నాడట. అక్క కడుపునిండా తిట్టింది. ఆ తిట్లన్నీ పోగేసి బావ ఒక ప్రోగ్రాం తయారుచేశాడు. అక్క కీబోర్డు మీద కొడితే కంప్యూటర్ అక్క గొంతుతో పలుకుతుంది. ఎలాంటి తిట్లలో పుట్టిందో గానీ, “మంచినీళ్ళియ్యి” అన్నా ఎవరినో దులిపేసినట్టే ఉండేది.

బావ పోయాక ఆయన కంప్యూటర్ కూడా ఎంతో కాలం బతకలేదు. కొత్త కంప్యూటర్లకి ఆ పాత ప్రోగ్రాం పడలేదు. అక్కకొక కూతురుంది. ఒకచోట కుదురుగా నిలబడదు గనుక చీమ అని పిలుస్తాం. ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకోవడం దాని ఉద్యోగం. పాతదానిలో ఉన్నదంతా ఎత్తి తెచ్చి, ఇంకో కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌గా కూర్చోబెట్టింది. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. పెట్టె ఒకటే, కాపురాలు రెండు.

మొదట్లో ఆ గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చేది. ఒక్కో మాటా సాగి సాగి, సగంలో ఆగిపోయి, మళ్ళీ లేచేది.

“ఏమిటే చీమా, మీ అమ్మ గొంతుకి మళ్ళీ జబ్బు చేసిందా?” అన్నాను.

“కాదు పిన్నీ. లోపలి కంప్యూటర్ అద్దెకొచ్చిందనుకో. బయటి కంప్యూటర్‌కి ప్రాసెసర్ అని మెదడుంటుంది, దానికి బోలెడు విద్యలొచ్చు. కానీ లోపలివాళ్ళకి అన్నీ చూపించరు. రెండు గదులు చూపించి, ఇల్లింతే అంటారు. పాపం అది ఆ రెండిట్లోనే సర్దుకుంటోంది.”

“ఎందుకే అంత పిసినారితనం?”

“రేపు ఇల్లు మారాల్సొస్తే ఏ ఇంట్లోనైనా ఇమడాలి కదా. ఈ ఇంట్లో అన్ని గదులకీ అలవాటు పడితే, అవి లేని ఇంట్లో బతకలేదు.”

అక్క మా మాటలు వింటోంది. కీబోర్డు లాక్కుని కొట్టింది. పెట్టెలోంచి మాట ఒక్కో ముక్కా ఈడ్చుకుంటూ వచ్చింది. “తా... ళా... లు... ఇచ్చెయ్...”

చీమ ఇచ్చేసింది. ప్రాసెసర్‌కి వచ్చిన విద్యలన్నీ లోపలిదానికి చూపించేసింది. ఆ మధ్యాహ్నం మొదటిసారి ఆ పెట్టె, మాటకి ముందు అక్క తీసే చిన్న ఊపిరి తీసింది. నేను గోడ పట్టుకున్నాను.

బావ దాన్ని నేర్చుకునేట్టు కూడా తయారుచేశాడు. అక్క రెండక్షరాలు కొడితే మిగతాది అదే పూర్తిచేసేది. అయితే నేర్చుకున్నది దాచుకునే ఏర్పాటు చెయ్యకముందే ఆయన పోయాడు. ఆపేస్తే అంతా మరిచిపోతుంది. అందుకని దాన్ని ఎప్పుడూ ఆపేవారు కారు, నిద్రపుచ్చేవారు. ఎక్కడ వదిలారో అక్కడే నిద్ర, లేపితే అక్కడి నుంచే మాట.

ఒకనాడు నేను గడపలో చెప్పులు విడుస్తున్నాను. “వచ్చావా పిచ్చిమొహమా, తలుపు దగ్గరగా వెయ్” అంది గొంతు. వేసి లోపలికెళ్తే కుర్చీలో అక్క లేదు. కిటికీలోంచి చూస్తే పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

చీమతో చెబితే నవ్వింది. “దానికి మైకుంది పిన్నీ. తలుపు చప్పుడైతే అమ్మ ఏమంటుందో నేర్చుకుంది, అంతే.”

“మరి వచ్చింది నేనేనని దానికెవరు చెప్పారే?”

చీమ చేతిలోని టీ కప్పు కిందపెట్టి, లేచి వెళ్ళి పెట్టెని నిద్రపుచ్చి వచ్చింది.

ఆ తర్వాత అక్క కొట్టడం తగ్గించింది. ఒక అక్షరం కొట్టి ఊరుకునేది, పోనుపోను అదీ లేదు. చుట్టాలొచ్చినా పెట్టెకెదురుగా కుర్చీ వేసుకుని దానితోనే కష్టసుఖాలు చెప్పుకునేవాళ్ళు. అది సరిగ్గా అక్కలాగే దెప్పేది, ఓదార్చేది. అక్క వెనకాల బల్ల మీద ఒద్దికగా కూర్చునేది. ఆ ఇంట్లో ఆవిడే అద్దెకున్నట్టు అనిపించేది నాకు. “నువ్వు మాట్లాడవే అక్కా!” అంటే, ఆమె తలొంచుకునేది. “మాట్లాడుతూనే ఉన్నాగా” అనేది పెట్టె.

ఇంతలో ఆ కంప్యూటర్‌కే ముసలితనం వచ్చింది. లోపల ఫ్యాను మూలిగేది, వేడెక్కి తెర మీద గీతలు పడేవి. చీమ కొత్తది కొన్నది. నిద్రపోతున్నదాన్ని నిద్రపోతున్నట్టే ఎత్తి అందులోకి మార్చింది. లేపితే లేవలేదు. కొత్తదానిలో ప్రాసెసర్ వేరే కంపెనీది. పాత ఇంట్లో చూపించిన గదులు ఈ ఇంట్లో లేవు. ఉన్నాయనుకుని కళ్ళు మూసుకున్నది ఇక్కడెలా తెరుస్తుంది?

చీమ ఒక ఆదివారం మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టింది. పాత కంప్యూటర్‌లోనే దాన్ని లేపి పెట్టింది.

“అమ్మా, ఒకటే దారి. దీన్ని ఇక్కడ పూర్తిగా ఆపేసి, కొత్తదాంట్లో మొదటి నుంచి మొదలెట్టాలి. గొంతు ఉంటుంది. నేర్చుకున్నదంతా పోతుంది. మళ్ళీ నువ్వు ప్రతి అక్షరం కొట్టుకోవాలి. ఆపకుండా ఉంచితే ఏదో ఒకరోజు వేడికి ఇదే కాలిపోతుంది. అప్పుడూ పోతుంది. కాకపోతే అన్నాళ్ళు ఉంటుంది. నీ ఇష్టం. ఆపెయ్యనా?”

“వద్దు.”

అక్క గొంతే. ముందు ఆ చిన్న ఊపిరి కూడా తీసింది. నేనూ చీమా అక్క వైపు చూశాం. ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి. కీబోర్డు బల్లకి అవతల ఉంది.

“అమ్మా, ఇప్పుడన్నది నువ్వేనా?” అని అడిగింది చీమ.

“నేనే. ఇంకెవరే?” అంది పెట్టె.

అక్క నోరు తెరిచింది. ఆ నోట్లోంచి ఏమీ రాదని తెలిసి కూడా, చిన్నప్పుడు వీధి మలుపులోంచి అరిచినట్టు, మెడనరాలు ఉబ్బేలా పిలవబోయింది. చప్పుడు లేదు. ఫ్యాను మూలుగే వినబడింది.

“ఏడవకు పిచ్చిదానా, నేనున్నాగా” అంది గొంతు, ఎంతో మెత్తగా. ఏడుస్తున్నది నేనో, చీమో, అక్కో. అది ఎవరితో అందో ఈనాటికీ తెలియదు.

అక్క లేచింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, కూతురి చెయ్యి పక్కకి తోసేసి, తానే ఆపేసింది. గొంతు ఇంకో ఊపిరి తీసుకుంది. మాట రాకముందే తెర నల్లబడింది.

చీమ కొత్తదాన్ని తెరిచి, మొదలుపెట్టి, కీబోర్డు తల్లి ముందుకి జరిపింది. అలవాటు తప్పిపోయిన వేలితో అక్క ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది. చాలాసేపు పట్టింది. తప్పులు కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టింది. పెట్టె ముందుగా ఒక్క ముక్క కూడా పలకకుండా, ఆమె ముగించేదాకా ఆగింది. అప్పుడు అక్క గొంతు, ఏ జ్ఞాపకమూ లేని గొంతు, ఉన్నదున్నట్టు చదివింది.

“అది చెప్పింది అబద్ధం కాదు. నాకూ ఆపొద్దనే ఉండింది.”