వంటింట్లో చెప్పులు

"చెప్పులతోనే పొయ్యి దగ్గర నిలబడ్డావా!"

పెనం మీద దోసె తిరగేయబోతూ ఆగిపోయాను. మా అత్తగారు అమ్మాజీగారు వంటింటి గుమ్మంలో నిలబడి నా పాదాల వైపు చూస్తున్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ నా పాదాలను ఇంత శ్రద్ధగా చూడటం ఇదే మొదలు.

"ఇంట్లో వేసుకోడానికే కొన్నానత్తయ్యా. గుమ్మం దాటించను."

"కొత్తవైతే మాత్రం చెప్పులు చెప్పులే కదుటమ్మా. దేవుడున్న చోటు!"

దేవుడుండేది మిక్సీ పక్కన అల్మరాలో. వనస్థలిపురంలో ఈ ఇల్లు కట్టినప్పుడు పూజకని ఒక చిన్న గది వేశాం. మా ఆయన ప్రసన్నకుమార్ ఇంటినుంచి పని మొదలుపెట్టాక ఆ గదిలో బల్ల, కుర్చీ వేసుకున్నారు. దేవుడి పటాలు తెచ్చి వంటింట్లో సర్దారు. పోపు ఘాటుకి దేవుడు దగ్గుతాడేమోనని ఆ రోజు ఒక్కరికీ అనిపించలేదు. ఇవాళ నా చెప్పులు చూస్తే మాత్రం అపచారమైపోయింది.

ఎనిమిది నెలలుగా పొద్దున్నే మంచం దిగి కాలు నేలకానిస్తే మడమలో మేకు దిగినట్టుంటుంది. గోడ పట్టుకుని పది పదిహేనడుగులు వేస్తే కాస్త సర్దుకుంటుంది. నా ఖర్మ ఏమిటంటే, ఇంట్లో వాళ్ళు లేచేసరికి నేను మామూలుగానే నడుస్తుంటాను. "బాగానే తిరుగుతున్నావుగా, ఎక్కడ నొప్పి?" అంటారీయన. సాయంత్రం మళ్ళీ మొదలవుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తాను. ఐదు పీరియడ్లూ సిమెంటు గట్టు మీద నిలబడాలి. కుర్చీ అడిగితే మా ప్రిన్సిపాల్, "మీరు కూర్చుంటే పిల్లలు పడుకుంటారు మేడం" అన్నాడు. ఇంటికొస్తే సలహాలు సిద్ధం. ఇటుక వేడి చేసి, జిల్లేడాకు వేసి కాపడం పెట్టుకోమని అత్తగారు. ఆ ఇటుక వేడి చెయ్యాల్సిందీ నేనే, పొయ్యి దగ్గర మళ్ళీ నిలబడి. బరువు తగ్గమని మా ఆయన. ఆయన పొట్ట ఊసు మాత్రం ఎవరూ ఎత్తకూడదు.

చివరికి నిన్న ఒక్కదాన్నే కొత్తపేటలో డాక్టర్ వాణి దగ్గరికి పోయాను. ఆవిడ బొటనవేలితో మడమ కింద నొక్కితే కేక పెట్టాను.

"ఇంట్ల ఏం చెప్పులేస్కుంటరు మేడం?"

"ఇంట్లో చెప్పులెవరు వేసుకుంటారండీ?"

"కిచెన్ల ఎంతసేపు నిలబడ్తరు?"

అంతవరకూ ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. లెక్కలు చెప్పేదాన్ని, నేనూ ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. పొద్దున మూడు గంటలు, సాయంత్రం రెండు.

"కాలేజీల ఐదు, ఇంట్ల ఐదు! గా గ్రానైటు బండల మీద ఒట్టి కాళ్ళతోటి! మడమ కాడికెళ్ళి వేళ్ళ దాంక ఒక పొర ఉంటది మేడం. గా పొర దెబ్బతిని వాచింది. పండుకున్నప్పుడు బిగుసుకపోతది, పొద్దుగాల అడుగెయ్యంగనే గుంజుతది. మంచం దిగంగనే మెత్తటి చెప్పులేస్కోవాలె. వంటింట్ల అయితే తప్పకుండ. లేకుంటె సూదుల దాంక పోతది, చెప్తున్న."

నా వంటింటి గంటలు ఒక మనిషి అడిగిందని అక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. సిగ్గులేకుండా ఏడ్చాను.

ఇవన్నీ నిన్న రాత్రే అందరికీ చెప్పాను. అందరూ "అయ్యో" అన్నారు. తెల్లారేసరికి ఆ అయ్యోలు ఎటు పోయాయో!

"మామయ్యగారు ఇల్లంతా చెప్పులతోనే తిరుగుతున్నారు కదత్తయ్యా?" అన్నాను. హాల్లో మా మామగారు సాంబమూర్తిగారు పేపరు చదువుతున్నారు. ఆయన కాళ్ళకి ఉన్నవి షుగరున్న వాళ్ళు వేసుకునే నల్ల చెప్పులు. కొనుక్కొచ్చింది నేనే.

"ఆయనకి షుగరు. అయినా ఆయన వంటింట్లోకి రారుగా!"

కేకలు విని ఈయన పూజగదిలోంచి, అదే, ఆఫీసులోంచి వచ్చారు. "అమ్మ బాధపడుతోంది, వంట చేసేంతసేపూ విప్పెయ్ దుర్గా. తర్వాత వేసుకో."

"నేను నిలబడేదే వంట చేసేంతసేపూనండీ! పోనీ దేవుణ్ణి మళ్ళీ ఆ గదిలోకి మారుద్దామా?"

"నా మీటింగులో? ఇంత చిన్న విషయానికి ఇల్లంతా తలకిందులు చేస్తావేంటి?"

ఒళ్ళు మండిపోయింది. అంత చిన్న విషయమైతే ఆ బల్ల అంగుళం జరగదేం? దేవుడు కదలడు, బల్ల కదలదు. ఈ ఇంట్లో కదలాల్సింది నా మడమ ఒక్కటేనా? స్టవ్ కట్టేశాను. దోసె పెనం మీదే ఉండిపోయింది.

"మీ మాటే కానివ్వండత్తయ్యా. చెప్పులతో వంటింట్లో నిలబడను."

హాల్లోకి నడిచి మామగారి పక్కన సోఫాలో కూర్చున్నాను. ఆయన పేపరు కొంచెం అటు జరిపారు. చెప్పులు విప్పలేదు.

ఈయన ఒకసారి నన్నూ, ఒకసారి వంటింటినీ చూశారు. "అదేంటి, మరి టిఫిను?"

"మీవి ఒట్టి కాళ్ళేగా," అన్నాను, "వెళ్ళండి."