కోటు చేతికి అంటిన వాసన

హెర్బర్ట్ టాటర్సాల్ మునిసిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరు. లాంకషైర్‌లోని ఆ మిల్లుల ఊళ్ళో ఆడవాళ్ళు చాటుగా ఆయన్ని ముక్కాయన అంటారు. ముక్కాయన వీధి మొగలో కనిపిస్తే చాలు, ఎక్కడి పని అక్కడ వదిలేసి గడపలు రుద్దడానికి కూర్చుంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా. తనిఖీకి వెళ్ళిన ఏ ఇంట్లోనూ టీ తాగడు. తాగితే లంచం పుచ్చుకున్నాడంటారని బయట చెప్పే మాట. ఆ కప్పులు ఏ నీళ్ళతో కడిగారో ఎవరికి తెలుసు అన్నది భార్యతో చెప్పే మాట.

కూపర్ వీధిలో ఆగ్నెస్ బర్చల్ ముందుగదిలో పాలు అమ్ముతుంది. భర్త మిల్లు ప్రమాదంలో పోయాక అత్తగారినీ తననూ పోషిస్తున్నది ఆ పాలే. గాలికి లేవకుండా చుట్టూ పూసలు కుట్టిన, ఉతికిన పల్చటి గుడ్డ క్యాన్ల మీద కప్పి ఉంచుతుంది. ఆ వీధిలో ఇద్దరు పిల్లలకు జ్వరాలు వచ్చేసరికి అందరి కళ్ళూ ఆ క్యాన్ల మీద పడ్డాయి. మురుగు గాలి పాలకు సోకుతోందేమోనని టాటర్సాల్ అక్కడి మురుగు గొట్టం పరీక్షకు వెళ్ళాడు.

ఆ పరీక్షకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకడు పెరటి మరుగుదొడ్లో ఘాటైన పిప్పర్‌మెంటు నూనె పోసి, వెనకే వేడినీళ్ళు కుమ్మరిస్తాడు. రెండోవాడు తలుపులన్నీ మూసిన ఇంట్లో నిలబడి వాసన చూస్తాడు. గొట్టం ఎక్కడైనా పగిలి ఉంటే నేల కిందనుంచి పిప్పర్‌మెంటు వాసన పైకొస్తుంది. నూనె పోసినవాడు మాత్రం ఆ గడప తొక్కకూడదు. ఆ నూనె బట్టకు తగిలిందంటే ఓ పట్టాన వదలదు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే ఈ మాట చెప్పేది టాటర్సాలే.

ఆ రోజు నూనె పోసే ఓగ్డెన్ చెల్లెలి అంత్యక్రియలకు వెళ్ళాడు. పరీక్ష మర్నాటికి వాయిదా వెయ్యొచ్చు. కానీ జ్వరాల సంగతి పై అధికారి రెండుసార్లు అడిగాడు. తను జాగ్రత్త గల మనిషినేగా అనుకున్నాడు టాటర్సాల్. తనే నూనె పోసి, కుళాయి దగ్గర చేతులు సబ్బుతో కడుక్కుని, కాసేపు గాలికి నిలబడి వంటింట్లోకి వచ్చాడు. గిన్నెలు కడిగే తొట్టి దగ్గర వంగాడు. పిప్పర్‌మెంటు.

ఆగ్నెస్‌ తొట్టిలోంచి తనకు ఏ వాసనా రావడం లేదంది. ఇంట్లోవాళ్ళ ముక్కు అలవాటుపడిపోతుందమ్మా అని ఆయన మెత్తగానే చెప్పాడు. అలా చెప్పినందుకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నాడో. పాల అమ్మకం ఆపాలనీ, నేల తవ్వించి గొట్టం మార్చాలనీ నోటీసు తలుపు మీద అంటించి వచ్చాడు. వెళ్ళేముందు ముసలావిడ, ఆగ్నెస్ అత్తగారు, టీ ఇవ్వబోతే మామూలుగానే వద్దన్నాడు.

ఇంటి యజమాని పంపిన మేస్త్రీ వంటింటి బండలు పెళ్ళగించాడు. గొట్టం ఈ చివరనుంచి ఆ చివరదాకా బయటపడింది. మేస్త్రీ అతుకుల మీద కర్రతో కొట్టి చూసి, గోతిలోంచి తలెత్తాడు.

"ఇంత మంచి గొట్టం మా ఇంట్లో కూడా లేదు సార్. ఎక్కడండీ పగులు?"

టాటర్సాల్ గోతిలోకి దిగి ప్రతి అతుకూ తడిమాడు. చెమట పట్టింది. కోటు చేత్తో మొహం తుడుచుకున్నాడు. పిప్పర్‌మెంటు వాసన గుప్పున కొట్టింది.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మేస్త్రీ చూడలేదు. అనుమానంగా ఉందని రాసెయ్యండి, ఎవరడుగుతారు అని సలహా మాత్రం ఇచ్చాడు. గుమ్మంలో ఆగ్నెస్ నిలబడి ఉంది. చూస్తాను అని గొణిగి టాటర్సాల్ బయటపడ్డాడు.

ఆ సాయంత్రం గొట్టం బాగుంది, అమ్మకం సాగించవచ్చు అని మాత్రం రాశాడు. అబద్ధం కాదు. నోటీసు ఎవరిచేతో పీకించాడు. ఆ పిల్లలకు వచ్చింది తట్టు అని డాక్టరు తేల్చాడు కూడా. ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాడు. కోటు భార్యకిచ్చి ఉతకమన్నాడు గానీ ఎందుకో చెప్పలేదు.

మరో వారం కూపర్ వీధి మీదుగా వెళ్ళాల్సి వచ్చింది. జగ్గులు పట్టుకున్న ఆడవాళ్ళు ఆగ్నెస్ గుమ్మం దాటి రెండు వీధుల అవతలి పాలకొట్టుకు పోతున్నారు. ఆగ్నెస్ విరిగిన పాలు కాలవలో పారబోస్తోంది. ఆయన్ని చూసి తలొంచుకుని, ఒలికిన చోట నీళ్ళు పోసి కడిగింది. ముక్కాయన చూస్తున్నాడని.

అది చూశాక ఆయన దాటి పోలేకపోయాడు. లోపలికి వెళ్ళి, టోపీ చేతిలో పట్టుకుని, ఉన్నదంతా చెప్పాడు. వాసన తన కోటుదని. తెలిశాక కూడా నోరెత్తలేదని.

మంచం మీదనుంచి ముసలావిడే ముందు మాట్లాడింది. "నువ్వొచ్చిన రోజే అనుకున్నా నాయనా, మిఠాయి కొట్టు నడిచొచ్చినట్టుందని. పెద్దమనిషివి, ఎలా అంటాం."

పొరపాటు తనదేనని మళ్ళీ రాసిస్తానన్నాడాయన ఆగ్నెస్‌తో. గుమ్మానికి అంటించుకోవచ్చన్నాడు.

"మీ కాగితాలు నాకొద్దండి," అందామె. "ఈ వీధిలో మీరెవరింటా టీ చుక్క ముట్టరు. మాకు అర్థం కాదనుకున్నారా? శనివారం మిల్లు వదిలే వేళకి రండి. ఇదే కోటు వేసుకుని రండి. నా గుమ్మంలో కూర్చుని, నాతో చెప్పింది వాళ్ళతో చెప్పండి. చెప్పి, నా పాలు తాగండి."

శనివారం మధ్యాహ్నం ఆమె కుర్చీ బయట వేసింది. శాలువాలు కప్పుకుని, చెక్క చెప్పుల చప్పుడుతో మిల్లు ఆడవాళ్ళు వచ్చి చుట్టూ ఆగారు. టాటర్సాల్ లేచి నిలబడే చెప్పాడు. రెండో మాటకే తడబడి, మొదటినుంచి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. తిడతారనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"అయితే ముక్కాయనకి ముక్కు లేదన్నమాట," అంది వెనకనుంచి ఒకావిడ. అందరూ నవ్వారు. ఆగ్నెస్ నవ్వలేదు.

రాజుగారి పట్టాభిషేకానికి ఊరంతా పంచిన మగ్గు నిండా పాలు పోసి ఇచ్చింది. మగ్గు ఎత్తితే కోటు చెయ్యి ముక్కు దగ్గరికొచ్చింది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని ఆ వాసన మళ్ళీ తగిలింది. కళ్ళు మూసుకోకూడదనుకుని, వాళ్ళ మొహాలు చూస్తూనే చివరిదాకా తాగాడు.

ముక్కు లేదన్నావిడ ముందుకొచ్చి మగ్గు లాక్కుని, అడుగుదాకా చూసి ఆయన చేతికే తిరిగిచ్చింది. జగ్గు కోసం ఇంటికి వెళ్ళింది. మిగతావాళ్ళు ఇంకా తేల్చుకోలేక నిలబడే ఉన్నారు.

ఆగ్నెస్ క్యాను మీది గుడ్డ మళ్ళీ తీసింది. "ఇంకాస్త పొయ్యనా?"

టాటర్సాల్‌కు కడుపు నిండే ఉంది. మగ్గు చాచాడు.