కార్డుకు పెట్టిన బొట్టు

మా ఆయన ప్రతాప్ చేతులు ఊరుకోవు. నారాయణఖేడ్‌లో పదిహేనేళ్లుగా మా ఫోటో స్టూడియోను మోస్తున్న ముసలి కంప్యూటర్ కాస్త నెమ్మదించిందని విండోస్ మళ్లీ ఎక్కించాడు. అది చకచకా లేచింది గానీ, పాత పెళ్లిళ్ల ఫోటోలున్న రెండో హార్డ్‌డిస్క్ కనపడకుండా పోయింది. తిట్లు తినడానికి నన్ను వదిలేసి, ఆయన కెమెరా భుజాన వేసుకుని కల్హేర్‌లో పెళ్లికి వెళ్లిపోయాడు.

ఆదివారం మా మామ సంగమేశ్వర్ సంవత్సరీకం. కెమెరా చూస్తే పారిపోయే మనిషి ఆయన. దీపం కింద చీకటన్నట్టు, స్టూడియో ఉన్న ఇంట్లో ఆయనది ఒక్కటే మంచి ఫోటో. మా పెళ్లిలో తీసింది. అది ఆ డిస్క్‌లోనే ఉంది. దొరక్కపోతే ఆధార్ కార్డు ఫోటోకే దండ వేయాలి. అందులో మామ పోలీసులు పట్టుకొచ్చిన దొంగలా ఉంటాడు.

రిపేర్లు చేసే స్టాన్లీ, మా ఆయన దోస్తు, వచ్చి డబ్బా మూత విప్పాడు.

"వదినా, గీ డిస్కు ఇంకా పాతది. దీని పట్టీ వైరు బోర్డుకు పట్టది. గందుకే ఎవలో ఈ కార్డు అదనంగ పెట్టిండ్రు. విండోస్ కొత్తగ ఎక్కియ్యంగ దీన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పోయింది. గిది ఏ కార్డో తెలిస్తే అది మల్ల ఎక్కిస్త, డిస్కు కనపడ్తది. నంబరు గీ నల్ల చిప్పు మీదుంటది..." అంటూ టార్చి వేసి ఆగిపోయాడు.

చిప్పు మీద నంబరు లేదు. బొట్టుంది.

ప్రతి దసరాకు మా అత్త భీమమ్మ మూత తీయించి మరీ నూనెలో తడిపిన కుంకుమ పెడుతుంది. లోపల ఆ ఒక్కదానికే నొసలు లాంటి చోటుందని ఆవిడ లెక్క. ఏటికేడు పెట్టిన బొట్టు గట్టిపడి రాయైంది.

స్టాన్లీ గుడ్డకు స్పిరిట్ పట్టించాడో లేదో, పక్కనే కూర్చుని చూస్తున్న అత్త లేచింది.

"ఏం జేస్తున్నవ్ కొడుకా? పచ్చగున్నదాని బొట్టు తుడుస్తవా?"

"కంప్యూటర్ పెద్దమ్మా గది!"

"అయితేంది? పదిహేనేండ్ల సంది అన్నం పెడ్తలేదా? మీ ఇంట్ల బొట్టు లేకపాయె, నీకేమెరుక!"

స్టాన్లీ పక్కనుంచి చూశాడు. ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేశాడు. కుంకుమే పెద్దదైంది. నాకు ఒళ్లు మండింది.

"అట్లనే ఉండనీ అత్తమ్మా. ఆదివారం ఆ దొంగ మొఖానికే దండేద్దాం" అన్నాను.

అత్త స్టాన్లీ చేతిలోని గుడ్డ లాక్కుంది.

"ఇటియ్యి. పోయినేడు నా బొట్టు తుడిసిండ్రు. నేను సచ్చిన్నా? ఇది గూడ సావది."

తనే తుడిచింది. నా కోపం ఎటు పోయిందో, టార్చి అందుకుని ఆమెకు వెలుగు పట్టాను.

నంబరు బయటపడింది. స్టాన్లీ ఫోన్‌లో దాని డ్రైవర్ వెతికి ఎక్కించి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. డిస్క్ కనపడింది. మా పెళ్లి ఫోటోల్లో మామ నోటినిండా లడ్డూతో నవ్వుతున్నాడు. పక్కన అత్త, రూపాయంత బొట్టుతో.

అత్త చాలాసేపు చూసింది. ఫోటో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కాక కంప్యూటర్ ఆపించి, దేవుడి గూట్లోని కుంకుమ భరిణె తెచ్చింది. స్టాన్లీ చేతులు జోడించాడు.

"నంబరు మీద వద్దు పెద్దమ్మా, నీ కాళ్లు మొక్కుత!"

కార్డు మూలకు పెట్టింది. వేలికి కాస్త కుంకుమ మిగిలింది. ఫోటో దిగేవాళ్ల కోసం గోడకు తగిలించిన అద్దం దగ్గరికి వెళ్లి, ఆ వేలిని నొసటికి అద్దుకుంది.

నేను కుర్చీ లాగి, లైట్లు వేసి, పాత కెమెరా అందుకున్నాను.

అత్త కొంగు సర్దుకుని కూర్చుంది.

"మంచిగ తియ్యి. మీ మామ లెక్క దొంగ మొఖం రావద్దు."