బోటు కింద పేర్లు

తెర మీద బోటు పేరు వస్తోంది గానీ, దాని కింద రావాల్సిన, ఆ బోటులో పనిచేసే కళాసీల పేర్లు రావడం లేదు. మధ్యాహ్నం ఆఫీసర్లకు చూపించాల్సిన ప్రోగ్రాం అది. మల్కాపురం ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చున్న కూతురు ధనశ్రీ ముఖం చూసి గంగాలమ్మ గుండె జారిపోయింది.

"ఉజ్జోగం ఊడిపోద్దేటే?"

"సూత్తన్నాను కదమ్మా, కాసేపు ఊరుకో."

ఫోన్‌లో ధనశ్రీ ఆఫీసు పెద్ద ఇంజనీరు కసురుతున్నాడు. డేటాబేస్‌ను చూసి కోడ్ దానంతటదే రాసే ఆ టూల్ పనికిరాదట, కోడంతా చేత్తో రాసెయ్యాలట.

"టూల్ తప్పు కాదు సార్. డేటాబేస్‌లో బోట్లకో టేబుల్, కళాసీలకో టేబుల్ పెట్టాం. ఏ కళాసీది ఏ బోటో కలిపే ఫారిన్ కీ పెట్టలేదు. మనం చెప్పని చుట్టరికం దానికెలా తెలుస్తుంది?"

ధనశ్రీ ఆ కీ పెట్టి, టూల్‌ను మళ్లీ నడిపింది. బోటు కింద పేర్లు బారులు తీరాయి.

ఆ తెర ఫొటో తీసి ఇంజనీరుకు పంపింది. "శభాష్ తల్లీ, మధ్యాహ్నం నువ్వే చూపించు," అన్నాడు ఇంజనీరు.

గంగాలమ్మకు సగం అర్థం కాలేదు. అంతటివాడి నోరు మూయించింది తన కడుపున పుట్టిన పిల్లేనని మాత్రం తెలిసింది. గోడ దగ్గరికెళ్లి పక్కింటావిడను కేకేసింది.

"ఓలమ్మీ, మా ధనశ్రీ పెద్దింజినీరుకే పాఠం సెప్పీసినాది! ఇంక పనంతా దీని నెత్తినే ఎట్టీస్తారు. పిల్ల తిండెప్పుడు తింటాదో, నా బయం అదే!"