అంచు దాటిన బియ్యం

జగ్గమ్మ రోజూ పొద్దున్నే ఎసరు పెట్టి, ఇత్తడి తవ్వతో బియ్యం కొలుస్తుంది. అది వాళ్ళమ్మ తవ్వ. కలకత్తా డాక్‌లో పనికి కుదిరిన మొగుడి వెంట వాట్‌గంజ్ వచ్చినప్పుడు, శ్రీకాకుళం నుంచి రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది.

ఎవరింటి బియ్యం పోస్తే ఆ ఇంటి రాబోయే ఏడాది ఆ తవ్వలో కనిపిస్తుంది. నిలబడే ఇంటి బియ్యం అంచుకు సరిగ్గా నిలుస్తాయి. జారిపోయే ఇంటివి నిండా పోసినా చూస్తుండగానే కిందికి దిగుతాయి. తగ్గినంత ఇంకో ఇంటి బియ్యం పోస్తే గండం తప్పుతుంది, కానీ పోసినవాళ్ళకు అంత తగ్గుతుంది. పిల్లనిచ్చే ముందు, చీటీ కట్టే ముందు వీధిలోవాళ్ళు గిన్నెతో బియ్యం తెచ్చి కొలిపించుకుపోతుంటారు. అందరివీ అంచుకు సరిపోయే ఇళ్ళే. ఒకరికొకరు పోసుకునేంత ఎవరి దగ్గరా లేదు.

ఈమధ్య జగ్గమ్మకు మతిమరుపు పట్టుకుంది. పులుసులో ఉప్పు రెండుసార్లు వేస్తోంది. అందుకే గుర్తుండాల్సిన ప్రతిదానికీ కొంగుకో ముడి వేసుకుంటుంది. ఆ తర్వాత ముడి దేనికి వేసిందో గుర్తురాక దిగులుగా కూర్చుంటుంది.

మనవరాలు సుజనకు న్యూ టౌన్‌లో ఉద్యోగం. పల్లెల్లో ఇవాళ తిండికి లోటు లేని ఇళ్ళలో రేపు ఏవి పేదరికంలో పడతాయో లెక్కకట్టి, పడకముందే సాయం ఇప్పించడం ఆ ఆఫీసు పని. ఈసారి కొలిచిన ఊళ్ళలో శ్రీకాకుళం వైపున్న జగ్గమ్మ తమ్ముడు గవరయ్య ఊరు కూడా ఉంది.

ఆ వారమే గవరయ్య ఎవరిచేతో కొత్త బియ్యం సంచి పంపాడు. జగ్గమ్మ తవ్వలో పోసింది. రెండు వేళ్ళ మేర దిగిపోయాయి.

"ఏటే గుంటా, మీ తాత జారిపోతన్నాడు. మీ ఆఫీసోళ్ళు ఏటన్నారు?"

"భయం లేదన్నారు మామ్మా. డాబా ఇల్లుంది, బండి ఉంది, చెన్నైలో కొడుకున్నాడు కదా అని."

"డాబా నాక్కుని తింతాడా?"

మర్నాడు సుజన ఆఫీసర్ శ్యామసుందర్‌కు చెప్పింది. ఆయన బెజవాడ మనిషి, తవ్వ సంగతి విన్నవాడే.

"తవ్వ అబద్ధమని ఎవరన్నారమ్మా? మన లెక్కలోనూ మీ తాత జారే మనిషే. కానీ సాయం ఇన్ని ఇళ్ళకే అన్నారు పైవాళ్ళు. అక్కడ గీత గీసి, మిగతా వాళ్ళకు భయం లేదన్నాం."

"మరి ఆయన గతేంటి సార్?"

"పడ్డాక రమ్మను. దానికి వేరే స్కీముంది." కాస్త గొంతు తగ్గించి అన్నాడు, "ఆదివారం మామ్మగారిని తవ్వతో మా ఇంటికి తీసుకురా. మా బియ్యం కూడా ఓసారి చూస్తే బాగుంటుంది."

సుజన చెప్పింది విని జగ్గమ్మకు ఒళ్ళు మండిపోయింది. "గోతిలో పడతాడని తెల్సి, గట్టు మీద కూకుని, పడ్డాక రమ్మంటాడా? ఇంక ఆడి కొలతెందుకే, ఆడి ముఖానికి!"

అయినా ఆదివారం బయల్దేరింది. కండక్టర్ "ఆస్తే, దిదిమా, ఆస్తే" అంటూ చెయ్యి పట్టుకుని మెల్లగా బస్సెక్కించాడు. దారి పొడుగునా తవ్వ ఒళ్ళోంచి దించలేదు.

శ్యామసుందర్ భార్య సన్నబియ్యం తెచ్చింది. జగ్గమ్మ అంచుదాకా పోసి ఆపింది. బియ్యం ఆగలేదు. పాలపొంగులా లేచి, గోపురం కట్టి, టీపాయ్ మీదికి పొర్లాయి. శ్యామసుందర్ ముఖం చేటంత అయింది.

"చూశారా మామ్మగారూ!"

"సూసినాను బాబూ. అంచు మీదివి కొలతలోకి రావు. మీకూ తెల్సిందే కదా, గీత."

అరచేత్తో తవ్వ మీద అడ్డంగా గీసి, పొర్లినవన్నీ కొంగులో పట్టి ముడి వేసింది.

"పిచ్చుకలకా? తీసుకోండి, తీసుకోండి," అని నవ్వాడాయన.

ఇంటికొచ్చేసరికి జగ్గమ్మకు ఏమీ గుర్తులేదు. కొంగు ముందేసుకుని ఒక్కో ముడీ విప్పింది. ఒకదాంట్లో చిల్లర, ఒకదాంట్లో పొగాకు, ఒకటి ఖాళీ. ఆఖరిదాంట్లో సన్నబియ్యం. ఎవరివి? ఎందుకు? సుజన చెప్పబోతే, "నువ్వుండు" అంది. నలువైపులా చూస్తుంటే మూలనున్న గవరయ్య సంచి కంటపడింది. ముందు కోపం వచ్చింది. దాని వెనక జ్ఞాపకం వచ్చింది.

గవరయ్య బియ్యం తవ్వలో పోసింది. దిగిపోయాయి. వాటి మీద కొంగులోవి వంచింది. అంచుకు సరిగ్గా నిలిచాయి.

వానల్లో గవరయ్య ఫోన్ చేశాడు. "అక్కా, ఏటిగట్టు తెగీసింది. పక్కోల మడులన్నీ ఇసక మేటైపోనాయి. నా గట్టుకాడికొచ్చి ఆగిపోనాదే!"

న్యూ టౌన్‌లో శ్యామసుందర్‌కు ఏ లోటూ రాలేదు. తన ఇంటి నుంచి ఏం పోయిందో ఆయనకు తెలియనైనా తెలియదు. మీటింగులో మాత్రం, "ఆ గవరయ్య పడలేదు, చూశారా? మన గీత కరెక్టే" అన్నాడట.

ఆ మాట మోసుకొచ్చి సుజన చెప్పులు మూలకు విసిరింది. జగ్గమ్మ తవ్వను చింతపండుతో తోముతూ అడిగింది.

"ఆ పక్కోలికీ భయం నేదన్నారేటి?"

"వాళ్ళకీ అదే మాట, మామ్మా."

జగ్గమ్మ చెయ్యి కడుక్కుని కొంగుకు కొత్త ముడి వేసుకుంది.

"మీ ఆఫీసులో అలాటి బాబులు ఇంకెంతమందున్నారే? అందరికీ సెప్పు, మామ్మ తవ్వట్టుకుని వస్తాదని."