పచ్చిబొప్పాయి పథ్యము

ప్రచండభానుకిరణసంతప్తమైన నల్లరేగడినేల తొలకరిచినుకులు సోకి కమ్మని యావిరి విడుచుచుండ, కుందూనదీతీరమునందలి చేలలో నాగటిచాళ్లు నల్లగా నిగనిగలాడుచుండ, ఒకనాటి యుదయమున ఆ యూర నొక వార్త వానకంటె వేగముగ వ్యాపించెను. పొరుగింటి కాశమ్మ తన చెల్లెలితో ననగా, ఆ చెల్లెలు పాలవానితో ననగా, నతడు గడపగడపకును పాలతోపాటు పోసిపోయిన యా వార్త యేమనిన, పెండ్లివంటల మద్దిలేటి కట్టుకొన్న యాలిని ముదురుపొట్టేలనుకొని ముప్పూటల పచ్చిబొప్పాయి మేపుచున్నాడట!

అందు అబద్ధమేమియు లేదు. ఎంతటి ముదురుమాంసమునకైనను పచ్చిబొప్పాయి నూఱి పట్టించి వెన్నవలె మెత్తపఱచుటలో నలువదియేండ్లుగా నెదురులేని మద్దిలేటికి, భార్య సుంకులమ్మ మఱపురోగ మొక్కటియే లొంగని ముక్కయైనది. పులుసు నాలుకకొన తాకించియే ఉప్పు పాలెంతో తేల్చిచెప్పు ఆ యిల్లాలు క్రమముగ పొయ్యి మఱచి, వీధి మఱచి, తుదకు మగని మొగము మఱచి "ఓ వంటాయనా" యని పిలువసాగెను. మునుపటివలె "ఏమయ్యో" యని యొక్కమాఱు పిలిపించుకొనవలెననునదియే యాతని పంతము. హైదరాబాదు ప్రయోగశాలలో పరిశోధన చేయు మేనకోడలు సుజన యొకనాడు ఫోనులో, అత్త మెదడునందు ముద్దకట్టిన ప్రోటీన్లు జ్ఞాపకములను చెఱచుచున్నవనియు, అట్టివానిని ఎంజైములు కత్తెరలవలె తుంచుననియు, బొప్పాయిపాలలో నున్నదియు నొక యెంజైమే యనియు చెప్పినది మొదలు, అతనికి వేఱుమందు కంటికానలేదు.

ఆ మధ్యాహ్నమే బస్సు దిగివచ్చిన సుజన, అత్త పెదవులు పగిలి యెఱ్ఱవాఱియుండుట చూచి యదరిపడెను.

"మామా, అత్తకు నేమి పెట్టుచున్నావు?"

"నీవు చెప్పినదే పిల్లా! ముసలిపొట్టేలును గడియలో దారికి తెచ్చు కాయ యిది. తలలోని పిసరంత ముద్ద దీనికొక లెక్కా?"

"కుండకు వెలుపల బొప్పాయి పూసిన లోపలి మాంసము మెత్తబడునా?"

"వెఱ్ఱిదానా, ముక్కకు పట్టించిననే గదా!"

"అత్త మెదడు కుండలోనిది. నీ బొప్పాయి పొట్టలోనే అఱిగిపోవును గాని తలకెక్కదు. పోనీ, ముక్కకే పట్టించి రేయెల్ల నుంచిన?"

"పీచుపీచై గరిటెకు నందదు" అని, తన నోటితోనే తాను పట్టుబడి మద్దిలేటి మీసము తడవుకొనెను.

"మా పనియు నదియే మామా. చెడ్డముద్దను తుంచి మంచిదానిని ముట్టని కత్తెర వలయును. అట్టివి మెదడులోనే కలవు, ముదిమిలో మందగించుచున్నవి. వానికి పదును పెట్టు దారి వెదకుచున్నాము. అది దొరకును, నాకు సందేహము లేదు. అయినను అత్తనాటికి దొరకునని మాట యీయజాలను."

మద్దిలేటి చేతిలోని గిన్నెను మెల్లగ నేలపై దించెను. పాలుగాఱు బొప్పాయిముక్కలు అందు తెల్లగా మెఱయుచుండెను.

"అంతదాక దీనికి నేనేమి పెట్టుదును?"

మంచముపై గోడవంక తిరిగియున్న సుంకులమ్మ యిటు మరలి, మండుచున్న పెదవులను చెఱగుతో నద్దుకొని, అతనిని తేఱిపాఱజూచెను.

"ఓ వంటాయనా, మఱచితిని గాని చావలేదు. ఏమి తిందువని నన్నొక్కనాడైన నడిగితివా?"