1987 నాటి నిమిషం

నాగజ్యోతికి ఒళ్ళు మండిపోతోంది. ఏడేళ్లు వేంపల్లె నుంచి కడపకు బస్సుల్లో తిరిగి రాసిన పీహెచ్‌డీ థీసిస్ రేపు ఇచ్చెయ్యాలి. గడువు దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. తీరా ఈ పూట అడ్డం పడింది ఎక్కడో పరాయి దేశంలోని ఒక దిక్కుమాలిన గడియారం!

సంగతేమిటంటే, 1987లో ఒక నక్షత్రం పేలినట్టు కనిపించింది. దాని నుంచి వచ్చిన న్యూట్రినోలనే అతి చిన్న కణాలు భూమ్మీద పట్టుబడ్డవి ఓ పాతిక, అంతే. న్యూట్రినోకు బరువుంటే, శక్తి తక్కువున్నది దారిలో వెనకబడుతుంది, ఒకే బరువు బస్తాలు మోసేవాళ్ళలో నీరసపు మనిషి వెనకబడ్డట్టు. ఆలస్యం చూసి, బరువు ఇంతకు మించదని చెప్పొచ్చు. రెండు దేశాల్లో పట్టుబడ్డవాటి లెక్కలు కలిపి నాగజ్యోతి గట్టి హద్దే తేల్చింది. ఇప్పుడు చూస్తే, ఒకచోటి గడియారం నిమిషం అటూ ఇటూ ఉండొచ్చట. న్యూట్రినోలన్నీ వచ్చిపోయిందే పది పన్నెండు సెకన్లలో! ఇక కలపడం ఏమిటి, నా తలకాయ! నిమిషం తేడా ఒప్పుకున్నాక ఆమె హద్దు కాస్తా పాతవాళ్ళు ఎప్పుడో చెప్పినదాని దగ్గరికే వచ్చి కూర్చుంది.

"రెండు గడియారాలూ సరిగ్గా ఉన్నట్టే అనుకో పాపా," అన్నాడు గైడు ఓబులేసు సారు. కోయిలకుంట్ల మనిషి, గొంతు పెంచడు. "నేనిచ్చిన ప్రోగ్రాములో అట్లనే ఉండాది గదా."

"ఎట్లనుకునేది సార్? రేపు ఎవరన్నా అడిగితే?"

"ఎవురడుగుతారులే."

"నేనే అడుగుతాండా. సరిగ్గా ఉన్నాయని మీకెవురు చెప్పినారు?"

సారు లేచి, బీరువాలోంచి అట్ట ఊడిన తన థీసిస్ తీసి ఆమె ముందు పెట్టాడు. ముప్పై ఏళ్ల నాటిది. అరవై రెండో పేజీలో అదే మాట: గడియారాలు సరిగ్గా ఉన్నాయనుకుందాం. ఆయన ఉద్యోగం, ప్రొఫెసర్ పదవి, జిల్లా అంతా పిలిచి కప్పిన శాలువాలు, అన్నీ ఆ పేజీ మీదే.

"అప్పుడు నాకూ గడువు మరుసటి దినమే," అన్నాడు. "తెలిసే రాసినా."

నాగజ్యోతి ఆ పేజీ మూసేసింది. "ఏడేండ్లు సార్. ఒక్కదినమన్నా చెప్పలేదే."

ఆయన థీసిస్ సమర్పించే అనుమతి కాగితం మీద సంతకం పెట్టాడు. "నిమిషం తేడా పెట్టిన నీ లెక్కే ఉంచు. తప్పు యాడుండాదో, ఎవురిదో, పేరు పెట్టి రాయి."

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. కోపం ఇసుమంతైనా తగ్గలేదు. ఈ తప్పు మొదట చేసినవారు అని టైపు చేసి ఆగిపోయింది. చివరికి ఆయనే వచ్చి, కీబోర్డు తనవైపు తిప్పుకుని, ఒంటివేలితో తన పేరు కొట్టాడు.